ఖాళీ అని చెప్పిన పిస్టల్

హోమ్ నర్సు పనికి గల్ఫ్ వెళ్తున్న మన వైపు పిల్లలు ఈమధ్య ఎలాగో నా నంబరు సంపాదించి ఫోన్లు చేస్తున్నారు. జీతం ఏమాత్రం, గది ఇస్తారా, ఇంట్లోవాళ్ళు మనుషుల్లా చూస్తారా అని అడుగుతారు. ఓపిగ్గా చెప్తాను. ఆఖర్న ఒక మాట అంటాను. "ఎవరైనా ఒక వస్తువు మీ చేతికిచ్చి ఇది ఖాళీ అంటే నమ్మకండి. మీరే చూసుకోండి." వాళ్ళు ఆక్సిజన్ సిలిండర్ గురించి అనుకుని "అలాగే సర్" అంటారు. నేను చెప్పేది పిస్టల్ గురించి.

ముప్ఫై ఒక్క ఏళ్ళు నర్సుగా చేశాను. మగాడు నర్సేమిట్రా అని మా ఊళ్ళో నవ్వినవాళ్ళు, తర్వాత బీపీ చూపించుకోవడానికి మా ఇంటి అరుగు మీదే కూర్చున్నారు. కరోనా రోజుల్లో అబుదాబి వార్డులో చూసినవి మా ఆవిడకి కూడా పూర్తిగా చెప్పలేదు. ఏం జరిగినా చేతులు వణకని మనిషినని తోటివాళ్ళలో నాకో పేరుండేది. ఆ పేరంటే నాకూ కాస్త గీర. ఆ గీర ఫుజైరాలో ఒక పోలీసు స్టేషన్ బల్ల ముందు, పట్టపగలు, అర నిమిషంలో దిగిపోయింది. ఆ సంగతి అక్కడ నాతో పనిచేసిన డ్రైవర్ నోట వింటే వాడు నాలుగు కలిపి చెప్తాడు, అందుకని నేనే రాస్తున్నాను.

కరోనా తగ్గాక ఆసుపత్రివాళ్ళు మా కాంట్రాక్టులు ఆపేశారు. ఇంటికి పోయే వయసే, కానీ ఇంకో రెండేళ్ళు లాగితే బాగుండుననిపించింది. ఏజెన్సీవాళ్ళు ఫుజైరాలో ఒక ఇల్లు చూపించారు. వెనక నల్లటి కొండలు, ముందు సముద్రం, మధ్యలో గొడవలేని ఊరు. పేషెంటు సైన్యంలో పెద్ద హోదాలో చేసి రిటైరైన ఎమిరాతీ పెద్దాయన. డెబ్బై దాటాయి. పార్కిన్సన్స్ జబ్బు. చేతులు వణుకుతాయి, నడిస్తే తూలుతారు, మాట మాత్రం గట్టిగానే ఉండేది. ఇంట్లో అందరూ బాబా అనేవాళ్ళు, నేనూ అదే అలవాటు చేసుకున్నాను. పాతకాలపు ఎమిరాతీలు కదా, హిందీ నాకంటే ధారాళంగా మాట్లాడేవారు. భార్య పోయి చాలా కాలమైంది. ఒక్కడే కొడుకు అబుదాబిలో ముదీర్, పెద్ద అధికారి. వారం చివర వచ్చి చూసిపోయేవాడు.

పనివాళ్ళలో తెలుగువాళ్ళం ముగ్గురం. వంట చేసే ఆవిడది మా గోదావరి అవతలి గట్టు. నన్ను "అన్నయ్యగారండీ" అనేది, నేను చెల్లెమ్మా అనేవాణ్ణి, చెప్పాల్సింది మాత్రం మొహమ్మీదే చెప్పేది. డ్రైవర్ ది జగిత్యాల దగ్గర పల్లె, నలభై లోపు మనిషి. ఇద్దరు ఆడపిల్లలు, పెళ్ళాం, ఎప్పుడూ కాలిపోయే బోరు మోటారు. రోజుకి ఒకసారైనా ఆ మోటారు సంగతి నాకు వినిపించేవాడు. వాడి నోటికి, నా నోటికి సరిపోయింది. నేను కసిరితే వాడు నవ్వేవాడు, అది చూసి నాకు ఇంకా మండేది.

మొదటిరోజు పొద్దున్నే బాబాకి స్నానం చేయించి, బనీను తొడిగి, లోపల కట్టే తెల్ల లుంగీ కట్టి, పైన వేసే పొడవాటి తెల్ల అంగీ, కందూరా అందుకోబోయాను. ఆగమని చెయ్యి ఊపారు. బీరువా పై అర చూపించారు. అక్కడ తోలు పట్టీ, దానికి తోలు ఒర, ఒరలో పిస్టల్.

"బాంధో," అన్నారు. కట్టు అని.

నేను కట్టలేదు. మనిషి ఒంట్లోంచి వచ్చే ప్రతిదీ ఈ చేతులతో ఎత్తినవాణ్ణి, దాన్ని ముట్టుకోవడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఆయన నా మొహం చూసి తనే తీసుకుని కట్టుకోబోయారు. వణికే చేతులతో బకిల్ పడదు. పట్టీ నడుము మీంచి జారుతోంది, ఒర నా కడుపు వైపు తిరిగింది. చూస్తూ నిలబడడం కంటే కట్టడమే నయమనిపించి, కళ్ళు సగం మూసుకుని కట్టేశాను. పైన కందూరా వేశాక చూస్తే ఏమీ లేదు. తెల్లటి బట్టల్లో, చేతికర్రతో ఒక ముసలాయన. కుడి జేబు లోపలి గుడ్డ కోయించి పెట్టుకున్నారు, చెయ్యి పెడితే నేరుగా ఒరకి తగిలేలా. అదొక్కటే తేడా.

వంటింట్లోకి వచ్చి చెల్లెమ్మతో చెప్తే, పిండి కలుపుతూ తల కూడా ఎత్తలేదు.

"ఆయనకది కళ్ళజోడు లాంటిదండీ. పెట్టుకోకపోతే గుమ్మం దాటరు. లైసెన్సుందంట. నేనొచ్చి తొమ్మిదేళ్ళయింది, ఒక్కనాడు బయటికి తీయగా చూడలేదు."

"నీకు భయం లేదా?"

"ఎందుకులేదండీ. ఉప్పు డబ్బా పక్కన పెట్టుకుని వండుకుంటన్నాను భయాన్ని."

అలవాటు పడడం అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. ఎడమ వైపే నడవాలి, ఎందుకంటే కుడి వైపు నడిస్తే నా మోచేతికి అది తగులుతుంది. వీల్ చెయిర్ లో కూర్చోబెడితే కుడి పక్క దిండు ఉండకూడదు. ఫిజియోథెరపీకి వెళ్తే కార్లోనే విప్పి, డాష్ బోర్డు పెట్టెలో పెట్టి ఆయనే తాళం వేసుకునేవారు. ఆ కాసేపు డ్రైవర్ కారు దిగి, ఎండలో నిలబడి కరక్ చాయ్ తాగేవాడు. సముద్రం ఒడ్డున నడిచే దారి, కొర్నిష్ లో సాయంత్రం పిల్లలూ పెద్దలూ మా పక్కనుంచే పోతుంటారు, సలాం చెప్తారు. వాళ్ళలో ఎవరికీ తెలియనిది నాకొక్కడికే తెలుసు. ఆ తెలియడం ఎంత బరువో చెప్పలేను. మొదటి నెల ఎవరైనా గట్టిగా దగ్గినా ఉలిక్కిపడేవాణ్ణి.

రెండో నెలలో అది కింద పడింది. పట్టీలోంచి తీసి దిండు కింద పెట్టుకోబోతుంటే ఆయన చెయ్యి వణికి, పాలరాతి గచ్చు మీద పడి, చుట్టూ తిరిగి, మంచం కోడుకి తగిలి ఆగింది. ఇద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం. ఆయనే ముందు తేరుకుని "కుచ్ నహీ" అన్నారు. నాకు మాత్రం ఆరోజు అన్నం సయించలేదు. మధ్యాహ్నమే కొడుక్కి ఫోన్ చేసి, ఇలాగైతే నేను వెళ్ళిపోతానని చెప్పాను.

వారం చివర అతను వచ్చాడు. మంచివాడు, తండ్రి ఎదురుగా కాలు మీద కాలు వేసుకోడు. నన్ను వరండాలోకి పిలిచి, తండ్రి నడుము నుంచి దాన్ని తీసెయ్యడం ఐబ్ అన్నాడు. ఆ మాటకి సిగ్గు, తప్పు, పరువు తక్కువ అన్నీ వస్తాయి. కొడుకై ఉండి తండ్రితో "నీ చేతులు ఇక పనికిరావు" అని ఎలా చెప్పడం అన్నాడు. మా నాన్న చేతిలోంచి సైకిలు లాక్కోవడానికే మేం నలుగురు అన్నదమ్ములం రెండేళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

మర్నాడు నేను బాబాకి స్నానం చేయిస్తుంటే అతను గదిలోకి వెళ్ళి పని పూర్తిచేశాడు. తర్వాత నన్ను కారు దగ్గరికి రమ్మని, తెల్ల రుమాలు మూట విప్పి తూటాలు చూపించాడు.

"ఖలాస్. ఇప్పుడది ఖాళీ. ఇవి నాతో తీసుకెళ్తున్నాను. నువ్వు భయపడకు, బాబాకి చెప్పకు."

నా గుండె మీంచి రుబ్బురోలు దించినట్టయింది. చెప్పనన్నాను. డ్రైవర్ కి, చెల్లెమ్మకి మాత్రం ఆ సాయంత్రమే చెప్పేశాను. వాళ్ళూ హమ్మయ్య అనుకున్నారు.

ఇక్కడ నా వృత్తి గురించి ఒక ముక్క చెప్పాలి. ఇంజక్షన్ సీసా మీద పేరు మూడుసార్లు చదవాలి. బీరువాలోంచి తీసేటప్పుడు ఒకసారి, సిరంజిలోకి ఎక్కించేటప్పుడు ఒకసారి, సీసా పారేసేటప్పుడు ఒకసారి. ఎవరిచ్చినా సరే, డాక్టరే ఇచ్చినా సరే. అబుదాబిలో ఒక జూనియర్ అమ్మాయి చదవకుండా ఎక్కించబోయి "సిస్టర్ చెప్పారు సర్" అంటే, వార్డు వార్డంతా వినేలా కడిగేశాను. ఆ పిల్ల దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్ళి ఏడ్చింది. సిస్టర్ చెప్తే మందు మారుతుందా, నీ కళ్ళెందుకున్నాయి అన్నాను. అంతటి మొనగాణ్ణి, రుమాలు మూట చూసి నమ్మేశాను. పిస్టల్ ని ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. చూడడం రాదు సరే, చూపించమని అడగనైనా లేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు హాయిగా గడిచాయి. భయం పోతే మనిషికి మర్యాద కూడా పోతుంది. పిస్టల్ ని థర్మామీటర్ లాగా, బీపీ పట్టీ లాగా వాడడం మొదలుపెట్టాను. పొద్దున్న గంజి ట్రే పక్కన పెట్టేవాణ్ణి. మాత్రల డబ్బా కోసం వెతుకుతూ దాన్ని ఇటు నుంచి అటు జరిపేవాణ్ణి. బాబా ఒక్కోసారి నా చేతుల వైపు అదోలా చూసేవారు. ముసలాయన చాదస్తం అనుకునేవాణ్ణి.

ఒకరోజు స్నానం చేయిస్తుంటే నడుము కుడి పక్క ఎర్రగా కమిలి కనిపించింది. తోలు ఎండిపోయి గీసుకుంటోంది. ముసలి ఒంటి మీద కమిలిందంటే రేపు పుండే, నర్సుకి అంతకంటే అప్రతిష్ట లేదు. మధ్యాహ్నం భోజనమై, మందు వేసుకుని బాబా పడక మీద వాలగానే నిద్రపోయారు. పట్టీ విప్పి, పిస్టల్ తో సహా పట్టుకుని, తోలుకి కొబ్బరినూనె రాద్దామని వంటింట్లోకి తెచ్చాను.

డ్రైవర్ అన్నం తింటున్నాడు. నన్ను చూసి మొదలుపెట్టాడు.

"ఏందన్నా, పోలీసు లెక్క వస్తున్నవ్? సూది తప్ప ఏమన్నా పట్టుకున్నవా నువ్వు పుట్టి?"

"తిను ముందు. మెతుకులు గొంతుకి అడ్డం పడతాయి."

"గది పట్టుకునే తీరు గట్ల గాదు. అత్తరు సీసా పట్టుకున్నట్టు పట్టుకున్నవ్."

చెల్లెమ్మ నవ్వింది. నాకు రోషం వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి రావాల్సిన రోషం కాదది. పిస్టల్ ఒరలోంచి లాగి, నాలుగడుగుల దూరంలో వాడి రొమ్ముకి గురిపెట్టి, "చేతులెత్తు" అన్నాను. వాడు చారన్నం చెయ్యి అలాగే పైకెత్తాడు. నేను ట్రిగ్గర్ నొక్కాను.

కదల్లేదు.

"తుప్పు పట్టిందే అది. ముసలాయన లెక్కనే, నీ లెక్కనే," అన్నాడు వాడు పడీపడీ నవ్వుతూ.

"వద్దండీ అన్నయ్యగారండీ. ఉత్తదైనా గానీ మడిసి మీదకి పెట్టకండి," అంది చెల్లెమ్మ, నవ్వు ఆపేసి.

నేను వినలేదు. తుప్పు సంగతి తేలుద్దామని రెండు వేళ్ళు పెట్టి, పంటి బిగువున ఇంకోసారి నొక్కాను. అప్పుడూ కదల్లేదు. ఛీ, ఇనుప ముక్క అని బల్ల మీద పడేసి, తోలుకి నూనె రాసి, తుడిచి, ఒరలో పెట్టి, గదిలో సొరుగులో పెట్టేశాను. డ్రైవర్ మజ్జిగన్నం కలుపుకున్నాడు.

నిద్ర లేచాక బాబా పట్టీ వాసన చూశారు.

"ఎక్కడికి తీసుకెళ్ళావు?"

"వంటింట్లోకి. నూనె రాయడానికి."

"దీన్ని ఈ గది దాటించకు. ఇది గరిట కాదు," అన్నారు. సరే బాబా అన్నాను. లోపల మాత్రం, ఖాళీ గొట్టానికి ఎంత బిగువు అనుకున్నాను.

లైసెన్సు గడువు దగ్గరపడింది. మళ్ళీ ఇవ్వాలంటే డాక్టరు కాగితం కావాలి, పార్కిన్సన్స్ ఉన్న మనిషికి ఏ డాక్టరూ అది ఇవ్వడు. కొడుకు నోటితో చెప్పలేని మాట ఆ రాని కాగితం చెప్పింది. బాబా ఒక రాత్రీ ఒక పగలూ ఎవరితో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్న "యల్లా, పదండి, అప్పజెప్పేద్దాం" అన్నారు. అబుదాబి నుంచి కొడుకు కూడా వచ్చాడు. బాబా ఆ రోజు కూడా నడుముకి కట్టించుకునే బయల్దేరారు.

పోలీసు స్టేషన్లో గౌరవంగా చూశారు. లోపలి గదిలో కుర్చీలు వేసి, కాఫీ, ఖర్జూరాలు పెట్టారు. అధికారి ముప్ఫై ఏళ్ళవాడు, బాబా నుదుటికి ముద్దుపెట్టి "అమ్మీ" అని పలకరించాడు, బాబాయ్ అన్నట్టు. డ్రైవర్ బయట కారు దగ్గరే ఉన్నాడు, అద్దాల తలుపులోంచి నాకు కనిపిస్తున్నాడు, చాయ్ కప్పుతో.

బాబా కందూరా పక్క నుంచి నేను బకిల్ విప్పాను. కొడుకు అధికారితో "ఖాళీదే, నేనే తీసేశాను" అని మెల్లగా చెప్పాడు. అధికారి తల ఊపాడు. ఊపి, గోడవారగా ఇసుక నింపిన పెట్టె ఉంటే పిస్టల్ మూతి దాని వైపు తిప్పాడు. ఎవరేం చెప్పినా తను చూసుకోవాలి, అది వాళ్ళ పద్ధతి. నేను ఆ జూనియర్ పిల్లకి నేర్పిన పద్ధతే. అడుగున ఏదో నొక్కితే తూటాల పెట్టె జారి అతని అరచేతిలోకి వచ్చింది.

నిండుగా ఉంది.

అతను పైభాగం వెనక్కి లాగాడు. గొట్టంలో ఉన్న ఇంకో తూటా ఎగిరి బల్ల మీద పడి, దొర్లుకుంటూ వచ్చి కాఫీ కప్పు సాసరుకి టింగుమని తగిలి ఆగింది. ఆ చప్పుడు ఇవాళ్టికీ నా చెవిలో ఉంది. ఇంట్లో ఎవరైనా సాసరు మీద చెంచా పెడితే చాలు, నేను లేచి బయటికి వెళ్ళిపోతాను.

కొడుకు మొహం సున్నం కొట్టినట్టయింది. నా మొహం నేను చూసుకోలేదు. వీల్ చెయిర్ పిడి పట్టుకుని నిలబడ్డాను. ముందు నాకు తూటా కనిపించింది, తర్వాత చారన్నం చెయ్యి పైకెత్తి నవ్వుతున్న డ్రైవర్ కనిపించాడు, తర్వాత ట్రిగ్గర్ మీద నా రెండు వేళ్ళు కనిపించాయి. అద్దాల బయట వాడు నిజంగానే నవ్వుతున్నాడు, ఇంకో డ్రైవర్ తో ఏదో చెప్తూ.

"బాబా, నేను తీశాను కదా," అన్నాడు కొడుకు. అరబ్బీలో అన్నాడు, అయినా అర్థమైంది.

బాబా హిందీలోనే జవాబు చెప్పారు, నేనూ వినాలని కాబోలు. యాభై ఏళ్ళు మోసిన వస్తువు బరువు నాకు తెలియదా అన్నారు. కొడుకు తూటాలు తీసిన సాయంత్రమే, ఎత్తగానే తెలిసిందట. బీరువా అడుగున పాత రేకు డబ్బాలో ఇంకొన్ని తూటాలు ఉన్నాయట, అవి పెట్టుకున్నారట.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు నా పరువు కాపాడడానికి నాకు చెప్పకుండా తీశావు. నేను నీ పరువు కాపాడడానికి నీకు చెప్పకుండా పెట్టుకున్నాను."

తండ్రీ కొడుకుల మధ్య అంత మర్యాద నేను ఎక్కడా చూడలేదు. ఆ మర్యాదకి నాలుగు నెలలు మేం ముగ్గురం తూటాల పక్కన గంజి తాగాం.

అధికారి కాగితం మీద రాసుకుంటూ తలెత్తి, దీన్ని మీరు కాక ఇంట్లో ఇంకెవరైనా ముట్టుకుంటారా అని అడిగాడు. లైసెన్సు లేనివాడు ముట్టుకుంటే అక్కడ చిన్న విషయం కాదు. జైలో, ఇంటికి విమానమో, రెండూనో. బాబా నా వైపు చూడకుండానే అన్నారు.

"ఇతను నర్సు. బకిల్ పెడతాడు. అంతే."

అధికారి రాసుకున్నాడు. కొడుకు సంతకాలకి పక్క గదిలోకి వెళ్ళాడు. బాబా వీల్ చెయిర్ ని వరండాలోకి తోసుకొచ్చాను, ఇద్దరమే మిగిలాం. బాబా గొంతు తగ్గించి అడిగారు.

"నూనె రాసిన రోజు వంటింట్లో దాంతో ఏం చేశావు?"

నన్ను జైలు నుంచి తప్పించిన మనిషితో అబద్ధం చెప్పలేకపోయాను. గురిపెట్టానని చెప్పాను. ఎవరి మీదో కూడా దాచకుండా చెప్పాను. రెండుసార్లు నొక్కానని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకున్నారు.

"పక్కన చిన్న మీట ఉంటుంది. సేఫ్టీ. అది వేసి ఉంటే కదలదు. పడుకునే ముందు రోజూ వేస్తాను." బొటనవేలితో గాల్లో వేసి చూపించారు. "ఆ రోజు మందు తలకెక్కింది. వేసి పడుకున్నానో, పొద్దున్నుంచీ వేసే ఉందో నాకు గుర్తులేదు."

తుప్పు అనుకుని నేను ట్రిగ్గర్ కసితీరా నొక్కినప్పుడు దాన్ని ఆపింది, ఆ ముసలాయన ఎప్పుడు వేశారో ఆయనకే గుర్తులేని ఒక చిన్న ఇనుప మీట.

"వాడికి చెప్పు," అన్నారు బాబా.

"బాబా, ఏమీ కాలేదు కదా. ఇప్పుడు చెప్పి వాడి మనసు పాడుచెయ్యడమెందుకు?"

"నేనూ నా కొడుకూ అలాగే అనుకున్నాం."

తిరిగి వచ్చేటప్పుడు ముందు సీట్లో డ్రైవర్ పక్కన కూర్చున్నాను. "ఏందన్నా, మొఖం గట్లుంది, నీ పిస్టల్ గుంజుకున్నరా?" అని వాడు నవ్వుతున్నాడు. కిటికీ వైపు తిరిగిపోయాను. నిజం చెప్పొద్దూ, చెప్పకుండా ఊరుకుందామనే చూశాను. చెప్తే వాడు కొడుకుతో చెప్పొచ్చు, పోలీసులతో చెప్పొచ్చు, నా రెండేళ్ళూ గంగలో కలవొచ్చు. అన్నిటికంటే, వాడు నన్ను ఎలా చూస్తాడో అని భయం. కానీ వాడు నవ్వినప్పుడల్లా నా వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి.

సాయంత్రం అసర్ నమాజు వేళ బాబా గదిలో ఉండగా వంటింట్లో చెప్పాను. డ్రైవర్ చాయ్ లో బిస్కెట్ ముంచుతున్నాడు. అంతా విన్నాడు. బిస్కెట్ విరిగి కప్పులో పడింది, తీసుకోలేదు.

"గొట్టంలనే ఉండెనా?"

"ఒకటి గొట్టంలోనే ఉంది."

"నువ్వు ఎన్నిసార్లు నొక్కినవ్?"

"రెండుసార్లు."

"రెండోసారి రెండు వేళ్ళు పెట్టినవ్."

"అవును తమ్ముడూ."

వాడు తిట్టలేదు. తిడితే బాగుండేది. చెయ్యి కడుక్కోకుండా లేచి పెరట్లోకి వెళ్ళి ఖర్జూరం చెట్టు కింద ఫోన్ తీశాడు. వంటింటి కిటికీ తెరిచే ఉంది. పెళ్ళానికి చేశాడు.

"ఏం లేదే, ఊకెనే చేసిన... తిన్నవా?... మోటారు నడుస్తుందా?... పెద్దదేం చేస్తుంది?... దానికియ్యి... బిడ్డా, ఏం జేస్తున్నవ్ రా... ఏం లేదు, ఊకెనే... చెల్లెకియ్యి..."

చిన్నపిల్ల దగ్గర లేదు కాబోలు, పిలిపించేదాకా ఫోన్ పెట్టలేదు. చెట్టుకి నుదురు ఆనించి నిలబడి ఎదురుచూశాడు. చెల్లెమ్మ కొబ్బరినూనె సీసా తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేసి వచ్చింది. "నేను వద్దన్నానండీ," అంది ఒక్కసారి. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ ఒక్కసారే నాకు చాలింది.

వాడు ఎవరికీ చెప్పలేదు. పదకొండు రోజులు నాతో మాట్లాడనూ లేదు. కారు తలుపు తీసేవాడు, వేసేవాడు. నేను కసరడానికి మాటలు వెతుక్కునేవాణ్ణి, దొరికేవి కావు.

పిస్టల్ పోయాక బాబా నడక ఇంకా పాడైంది. కుడి వైపు బరువు లేక ఎడమకి ఒరిగిపోయేవారు. నాలుగు రోజులు చూసి, ఒక పొద్దున్న స్నానం కాగానే మళ్ళీ బీరువా పై అర చూపించారు. ఖాళీ ఒర ఉన్న పట్టీ. కట్టమన్నారు. ఏం అనగలను, తీసుకున్నాను. కట్టబోయి ఆగి, ఒరలోకి వేళ్ళు దూర్చి అడుగు దాకా తడిమి చూశాను. పిస్టల్ ని పోలీసులకి అప్పజెప్పింది నా ఎదురుగానే. అయినా చూశాను. బాబా నేను చూసేదాకా ఆగారు. ఆ రోజునుంచి రోజూ చూసే కట్టాను.

పన్నెండో రోజు, ఫిజియోథెరపీకి బయల్దేరుతుంటే డ్రైవర్ గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఏనాడూ ఆ గడప దాటని మనిషి. పట్టీ నా చేతిలో ఉంది.

"చూసినవా?" అన్నాడు. పదకొండు రోజుల తర్వాత మొదటి మాట.

"చూశాను."

"ఇటియ్యి."

ఇచ్చాను. తన వేళ్ళు లోపల పెట్టి, తిప్పి, తలకిందులు చేసి దులిపి, నాకు తిరిగిచ్చాడు. అప్పుడు వెళ్ళి కారు స్టార్టు చేశాడు. ఆ తర్వాత మాటలు కలిశాయి, మోటారు సంగతులూ మొదలయ్యాయి, నవ్వడం కూడా వచ్చింది. కానీ ఏడాదిన్నర పాటు, నేను ఆ ఇల్లు వదిలేదాకా, ప్రతి పొద్దునా ఆ గుమ్మంలోకి వచ్చి "చూసినవా" అని అడిగాడు. చూశాననే చెప్పాను. ఒక్కరోజు కూడా నా మాట నమ్మలేదు. నాకు ఒక్కరోజు కూడా కోపం రాలేదు.

నేను రిటైరై వచ్చేసే పొద్దున్న నా స్థానంలోకి కేరళ నుంచి కొత్త నర్సు వచ్చాడు. చలాకీ మనిషి. పట్టీ చేతికివ్వగానే హిందీలో, ఖాళీయే కదా అన్నాడు. నేను నోరు తెరిచేలోపే డ్రైవర్ గుమ్మంలోంచి లోపలికి వచ్చి, అతని చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని, ఆ ఒరలోకి అడుగు దాకా దూర్చాడు.